ఐజ్వాల్ కొండలలో బిడ్డను మోయు నేతగుడ్డ

ఏడునెలల పసివానిని చంకనిడుకొని దూరదేశము పోవుట యెంత కష్టమో తల్లులైన సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. పాలసీసాలు, పొత్తిగుడ్డలు, మందులు సర్దుకొనునప్పటికే సగము ప్రాణము పోవును. మిగిలిన సగమును బిడ్డయే తీసికొనును. అట్టి బిడ్డతోడనే మేము గడచిన కార్తికమాసమున మిజోరాము రాష్ట్రపు ముఖ్యపట్టణమగు ఐజ్వాల్‌కు పోయి, మూడు వారములుండి వచ్చితిమి. మావారికి అచ్చట ఉద్యోగపు పని తగిలినది. పసివాని నిమిత్తము మా అత్తగారును వెంటవచ్చిరి. ఆ యూర మేము చూచిన వింతలు పెక్కు కలవు. వానిలో నొక్కటి మాత్రము మాతో గూడ మా యింటికి వచ్చి నిలిచినది. అది బిడ్డను వీపున గట్టుకొను నేతగుడ్డ. దానినిగూర్చియే యిచట వ్రాయదలచితిమి.

బయలుదేరుటకు ముందున్న మా యవస్థను గొంచెము చెప్పవలెను. ప్రసవమైన రెండు నెలలకే మాకు కుడిచేతి మణికట్టు నొప్పి పట్టుకొన్నది. బిడ్డను చంకల క్రింద చేతులుంచి యెత్తినప్పుడెల్ల బొటనవ్రేలి మొదట సూదులతో గ్రుచ్చినట్లుండెడిది. డాక్టరమ్మగారు చూచి, పసిపిల్లల నెత్తు తల్లులకిది తరచుగ వచ్చునదే యనియు, ఆ చేతికి కొన్నాళ్ళు విశ్రాంతి నీయవలెననియు చెప్పిరి. విశ్రాంతి యను మాట చెప్పుట సులభము. మా చిన్నవాడు దించిన నేడ్చును, ఉయ్యాలలో వేసిన నేడ్చును, మావారెత్తిన నేడ్చును. నడుమునొప్పి సరేసరి. రాత్రులందు వాని నెత్తుకొని తిరుగుచు, మేమును వానితోపాటు ఏడ్చిన దినములు కలవు. బజారున నొక చక్రముల బండియు, పట్టీలతో గుండెకు తగిలించుకొను సంచియు కొంటిమి. ఆ సంచిలో వాని కాళ్ళు చెట్టుకు వ్రేలాడు పొట్లకాయలవలె తిన్నగా వ్రేలాడుచుండెను. రెండు దినములు చూచి దానిని అటుకపై పెట్టితిమి. బండిని మాత్రము వెంట తీసికొని పోతిమి.

మిజోరామునకు పోవువారు ముందుగ ఇన్నర్ లైన్ పర్మిట్ అను అనుమతిపత్రము పొందవలెను. ఇది 1873లో వచ్చిన చట్టమునుబట్టి నేటికిని నడచుచున్న ఏర్పాటు. 2025 సెప్టెంబరులో ఐజ్వాల్‌కు చేరువనున్న సైరంగు వరకు రైలుమార్గము ప్రారంభమైనది. అయినను పసివానితో అన్ని దినములు రైలులో గడుపజాలక, మేము కలకత్తా నుండి విమానమున లెంగ్‌పుయి చేరితిమి. అచ్చటినుండి పట్టణమునకు 32 కిలోమీటర్ల కొండదారి. మలుపు వెనుక మలుపు, వెదురుపొదల వెనుక వెదురుపొదలు. ప్రతి మలుపునకును మా అత్తగారు గోవిందనామము చెప్పుకొనిరి.

ఐజ్వాల్ సుమారు 1,132 మీటర్ల యెత్తున కొండశిఖరపు గట్టు వెంబడి కట్టిన పట్టణము. అచ్చటి యిండ్లు వింతగ నుండును. బాట నుండి లోనికి బోయిన మనము చేరునది అన్నిటికంటె పై యంతస్తు. తక్కిన యంతస్తులన్నియు దానికి క్రింద లోయవైపు దిగుచుండును. ఒక వీధినుండి మరియొక వీధికి పోవలెనన్న మెట్లే దారి. మేము దిగిన యింటినుండి కూరగాయల యంగడికి నూట పది మెట్లు. కలిగినవారని లేనివారని లేదు, అందరును ఆ మెట్లే యెక్కవలెను. మా చక్రముల బండి గతి యేమైయుండునో చదువరులే యూహింపవచ్చును. మేమున్నన్నాళ్ళును అది వరండాలో ఉల్లిపాయలు పోసికొనుటకు పనికివచ్చినది.

మరునాడు బడాబజారునకు పోతిమి. అంగళ్ళలో కూర్చుండి బేరము చేయువారు ఎక్కువమంది స్త్రీలే. ఆవపుకూర కట్టలు, అల్లము, వెదురుమొలకలు ముందుంచుకొని, వీపున బిడ్డను గట్టుకొని, రెండు చేతులతోను తూచి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చుచుండిరి. బిడ్డ చెంప తల్లి వీపునకు ఆనించి నిదురించుచున్నది. ఒక్క పసివాని యేడుపైనను మాకు వినబడలేదు. మా చిన్నవాని కంఠము మాత్రము ఆ బజారంతయు మారుమ్రోగెను. ఆదివారమునాడు ఊరిలో దుకాణము లన్నియు మూసి, జనులు చర్చికి పోవుచుండగా చూచితిమి. మంచి వస్త్రములు ధరించిన గృహిణులును, కళాశాలలో చదువు బాలికలును అటులనే బిడ్డలను వీపున మోయుచుండిరి. ఒక యువకుడును మోయుచుండెను. ఎవరును వారిని వింతగ చూచుట లేదు.

“మనమును అటుల గట్టుకొన్న నేమి?” యని మేమంటిమి. మా అత్తగారి ముఖము చిన్నబోయినది.

“అమ్మాయీ, కూలికి పోవువారు బిడ్డను మూటవలె గట్టుకొందురు. మనకేమి ఖర్మము? వానికి దొడ్డికాళ్ళు వచ్చిన తరువాత ఏడ్చి ప్రయోజన ముండదు” అనిరి.

పెద్దవారి మాట కెదురు చెప్పుట మాకు అలవాటు లేదు. కాని చేతినొప్పి మాత్రము ఊరకుండలేదు. మూడవనాడు అత్తగారు స్నానమునకు పోయిన సమయము చూచి, తలుపు మూసికొని, మా ఓణీతో వానిని వీపున గట్టుకొన యత్నించితిమి. అది మెరుపుగల జారు గుడ్డ. ముడి వేసి నిలువగనే గుడ్డ నడుమునకు జారినది. దానితో బిడ్డయు జారినాడు. వెనుకకు చేయి పెట్టి వాని కాలిని, అంగీని దొరకబుచ్చుకొని, అటులనే మంచముపై కూలబడితిమి. వానికి దెబ్బ తగులలేదు. మాకు మాత్రము గంటసేపు వణుకు తగ్గలేదు. ఆ యేడుపు విని మా యింటి యజమానురాలు పైకి వచ్చినది.

ఆమె డెబ్బది యేండ్లు దాటిన వృద్ధురాలు. మిజో భాషలో పెద్ద స్త్రీలను గౌరవముతో ‘పి’ యని పిలుతురు. మేమును అటులనే పిలుచుచుంటిమి. ఆమెకు కొలదిగ హిందీ వచ్చును, మాకును అంతియే. సంగతి గ్రహించి ఆమె నవ్వలేదు, కోపపడలేదు. మా ఓణీని రెండు వ్రేళ్ళతో నలిపి చూచి, మడిచి ప్రక్కన పెట్టి, క్రిందికి పోయి, పాతదై మెత్తబడిన నేతగుడ్డ నొకదానిని తెచ్చినది. మిజో భాషలో ‘పువాన్’ అనగా వస్త్రము. ‘నౌ’ యనగా బిడ్డ. ‘పువాక్’ అనగా వీపున మోయుట. ఆ గుడ్డతో ఆమె తన బిడ్డల నైదుగురిని, మనుమల నేడుగురిని మోసినదట. అడుగకయే పరులకు సాయపడుటను ఆ దేశమువారు ‘త్లోమ్‌ఙైహ్న’ యని యొక గొప్ప ధర్మముగ నెంచుదురు. ఆ మాట యర్థము మాకా యుదయము తెలిసినది.

ఆమె నేర్పిన విధమిది. తల్లి ముందునకు బాగుగ వంగి వీపును పలకవలె చేయవలెను. బిడ్డను ప్రక్కనుండి వీపుమీదికి చేర్చి బోరగిల నుంచి, ఒక చేయి వెనుకనుంచి పట్టుకొనియే గుడ్డను పైన కప్పవలెను. గుడ్డ పై యంచు బిడ్డ మెడ మొదటివరకు రావలెను. క్రింది యంచును బిడ్డ పిరుదుల క్రిందుగ, తల్లి వీపునకును బిడ్డకును నడుమ మోకాళ్ళవరకు దోపవలెను. మా గుడ్డలో లోపించిన దిదియే. అంచు తొడల క్రిందికి పోక వీపుననే యుండుటచేత బిడ్డ క్రిందనుండి జారిపోయినాడు. తరువాత ఒక కొంగును భుజము మీదుగను, రెండవ కొంగును రెండవ చంక క్రిందుగను తెచ్చి, కొంచెము కొంచెముగ నిలువబడుచు బిగించి, రొమ్ముపై రెండు ముళ్ళు వేయవలెను. బిడ్డ కూర్చున్నప్పుడు మోకాళ్ళు పిరుదులకంటె మీదుగ నుండవలెను. కప్పవలె కూర్చుండవలెనని ఆమె తన చేతులతో చూపినది.

మొదట రెండు నిమిషములు చిన్నవాడు తన్నుకొన్నాడు. పి మమ్ము వరండాలో నటు నిటు నడువుమన్నది. నాలుగవ తిరుగుటకు వాని తల మా భుజముల నడుమ వాలినది. వాని యూపిరి మా మెడకు వెచ్చగ తగులుచుండెను. మేము రెండు చేతులును ముందునకు చాచి చూచుకొంటిమి. ఏడునెలలలో బిడ్డ మా వద్ద నుండగా రెండు చేతులును ఖాళీగ నుండుట అదియే మొదలు. స్నానము చేసి వచ్చిన అత్తగారు గుమ్మములో నిలిచి చూచిరి. ఏమియు ననక లోనికి పోయిరి.

మాకును అట్టి గుడ్డ కావలెనని చెప్పగా, థెన్‌జోలు పోయి కొనుడని పి చెప్పినది. అది ఐజ్వాల్‌కు దక్షిణమున సెర్చిప్ జిల్లాలోని నేతవారి యూరు. దాని సమీపమున వాన్‌తాంగ్ జలపాతము కలదు. అచ్చట యింటింటను మగ్గపు చప్పుడే. నేసెడివారు ఎక్కువమంది స్త్రీలే. మన మంగళగిరి, పొందూరు మగ్గములు చూచిన కంటికి వారి నడుముమగ్గము వింతగ తోచును. పడుగు ఒక కొనను గోడనున్న కఱ్ఱకు కట్టుదురు. రెండవ కొనను ఒక పట్టీతో నేతగత్తె తన నడుమునకే తగిలించుకొని నేలపై కూర్చుండును. ఆమె వెనుకకు వాలిన పడుగు బిగియును, ముందునకు వంగిన వదులగును. ఆమె దేహమే మగ్గములో నొక భాగము. ఈ మగ్గముపై వెడల్పు గుడ్డ రాదు గనుక, రెండు సన్నని పట్టములు నేసి నడుమ కుట్టి యొక వస్త్రము చేయుదురు. నేడు చట్రపు మగ్గములును అచ్చట విరివిగ కలవు. పెండ్లిండ్లలోను వెదురునాట్యములోను ధరించు పువాన్‌చెయి, నల్లనేతగల పాన్‌డుమ్ మొదలగు ఐదు విధముల మిజో వస్త్రములకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. పాన్‌డుమ్ దుఃఖసమయముల యందు ధరించు వస్త్రము. పెండ్లియైన పిల్ల అత్తవారింటికి దానిని తీసికొనిపోవుట ఆచారమట.

మేము కొన్న గుడ్డ వీనివలె పేరుగలది కాదు. ఎఱ్ఱ చారలుగల సాదా నూలుగుడ్డ. రెండు గజములకు కొంచెము తక్కువ పొడవు, గజమునకు మించిన వెడల్పు. కృత్రిమపు నూలుతో నేసినవి మిక్కిలి రంగులతో మెరయుచుండెను గాని, నేతగత్తె వానిని మాకీయలేదు. పత్తినూలు చెమటను పీల్చును, ముడి జారదు. అల్లిన బనీనుగుడ్డ బరువునకు సాగి దిగజారును. మగ్గపు నేత సాగక, మూలవాటముగ లాగినప్పుడు మాత్రము కొంచెము లొంగి బిడ్డ వీపునకు హత్తుకొనును.

తిరిగివచ్చునప్పుడు దారిప్రక్కన కొండవాలున నొక అల్లపు చేను కనబడినది. ఒక స్త్రీ వంగి అల్లము త్రవ్వుచుండెను. వీపున బిడ్డ నిదురపోవుచుండెను. బిడ్డ మేలుకొని కదలగనే ఆమె నిలిచి, ముడి వదలించి, గుడ్డను ముందునకు త్రిప్పుకొని, గట్టున కూర్చుండి పాలిచ్చినది. మా అత్తగారు కారు ఆపించి చాలసేపు అటే చూచిరి. పిదప మా వైపు చూడకయే చెప్పిరి.

“మీ బావగారు అప్పటికి మూడునెలల వాడు. నాట్లనాడు గట్టున తుమ్మచెట్టునకు చీరయుయ్యాల గట్టి వానిని పడుకొనబెట్టెడిదానను. వాడు గ్రుక్కపట్టి యేడ్చుచుండిన, పట్టిన వరుస సగములో విడిచి పోనీయరు. పాలు చేపి రవిక తడిసిపోయెడిది. వరుస ముగియువరకు వంగియే యుండవలెను. అమ్మాయీ, ఈ ముడి నాడు నాకెవరైన నేర్పియుండిన బాగుండెడిది.”

మాకు పెండ్లియై యారేండ్లు. మా అత్తగారు కూలికి పోయినారని మేమెన్నడును వినలేదు. ‘కూలికి పోవువారు గట్టుకొందురు’ అను మాట వారి నోట నెందుకు వచ్చినదో నాడు తెలిసినది. మేము వారి చేయి పట్టుకొంటిమి. కొంతదూరము పోయిన పిదప, “ఏదీ, ఆ గుడ్డ యిటు తెమ్ము” అని తమ యొడిలో పరచుకొని, అంచులు లాగి లాగి నేత యెట్టిదో చూచుకొనిరి.

ఇక దొడ్డికాళ్ళ సంగతి. ఊరికి వచ్చిన వెంటనే పిల్లల వైద్యుల నడిగితిమి. పసివారి కాళ్ళు కొంత వంగియుండుట సహజమే యనియు, గుడ్డ కట్టుటచేత వచ్చునది కాదనియు చెప్పిరి. పైపెచ్చు మోకాళ్ళు మడచి తొడలు విడివడునట్లు కూర్చుండుట తుంటికీలునకు మంచిదట. కాళ్ళను తిన్నగ చాచి బిగించి చుట్టుటయే కీడు. జపాను దేశమున 1975లో అట్లు చుట్టరాదని ప్రచారము చేసిన పిదప శిశువులకు తుంటి తొలగుట మిక్కిలి తగ్గినది. ఏడుపు సంగతియు చెప్పిరి. 1986లో కెనడా దేశమున మాంట్రియల్ పట్టణపు వైద్యులు 99 మంది తల్లులను, శిశువులను పరీక్షించిరి. ఏడ్చినప్పుడే గాక ఊరకున్నప్పుడును అదనముగ ఎత్తుకొనబడిన శిశువులు, ఆరువారముల వయస్సున, తక్కినవారికంటె నూటికి 43 వంతులు తక్కువగ నేడ్చిరట. ఎత్తుకొన్న బిడ్డకు చంక మరగునని మనము భయపడుదుము. ఆ లెక్క వేరుగ చెప్పుచున్నది.

అయినను ఈ గుడ్డ ఆటవస్తువు కాదు. కట్టదలచిన సోదరీమణులు కొన్ని జాగ్రత్తలు తప్పక పాటింపవలెను. మెడ నిలువని బిడ్డను వీపున గట్టరాదు. ఆరునెలలు నిండి తల చక్కగ నిలుపువరకు రొమ్మునకే కట్టవలెను. బిడ్డ ముఖము ఎప్పుడును తెరచియుండవలెను. గడ్డము రొమ్మునకు నొక్కుకొనిన ఊపిరి ఆడదు గనుక, గడ్డము క్రింద రెండు వ్రేళ్ళ సందుండవలెను. రొమ్మున గట్టినప్పుడు తల వంచిన ముద్దు పెట్టుకొనునంత దగ్గరగ బిడ్డ నెత్తి యుండవలెను. సంచివంటి జోలెలలో ముడుచుకొని పండుకొను శిశువులకు ఊపిరి ఆడక ప్రాణాపాయము కలుగుచున్నదని 2010 మార్చిలో అమెరికా ప్రభుత్వపు వస్తుభద్రతా సంఘము తల్లులను హెచ్చరించినది. నాలుగు నెలలలోపు శిశువుల విషయమున మరింత మెలకువ వహింపవలెనని చెప్పినది. నెలలు నిండక పుట్టిన బిడ్డను, జలుబుచే ఊపిరి బరువైన బిడ్డను వైద్యుల నడుగక కట్టరాదు. పొయ్యి వద్దను, స్కూటరుమీదను ఎన్నడును పనికిరాదు. మొదటి పది దినములు మంచము ప్రక్కన, ఒకరు వెనుక నిలిచి పట్టుకొనగా, నేర్చుకొనవలెను. తలుపు మూసికొని ఒంటరిగ యత్నించిన మా తెలివి మీకు వలదు.

బెజవాడ ఎండలో ఆ కొండగుడ్డ కొంత బరువే. పగలు గంటకు మించి కట్టలేము. బిడ్డకు చెమట పట్టినదేమో మెడవెనుక తడిమి చూచుకొనుచుండవలెను. అందుచేత మా అత్తగారు మంగళగిరి నేతగుడ్డ పలుచనిది యొకటి తెప్పించి, ఆ కొలతకు చింపి అంచులు కుట్టించిరి. ఉదయము చల్లనివేళ దానితోనే చిన్నవానిని గట్టుకొని తులసికోట చుట్టు తిరుగుదురు. పొరుగమ్మ యొకతె, “ఇదేమి వేషమండీ!” అని నవ్వినప్పుడు, మా అత్తగారు ముడి సవరించుకొనుచు, “వేషము కాదమ్మా, సుఖము. మీ కోడలికిని నేర్పెదను, పంపుడు” అనిరి. మా చేతినొప్పి పూర్తిగ పోలేదు గాని, రాత్రులు నిదురపట్టునంత తగ్గినది.

మన దేశమునను ఏజెన్సీ కొండలలోని తల్లులు ఈ విధముగ బిడ్డలను గట్టుకొనుట మేమెన్నియో మారులు చూచియుంటిమి. చూచియు, అది మనది కాదనుకొంటిమి. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, మగ్గములును నూలుగుడ్డలును మన యూళ్ళలోనే యుండగా, బండ్లకొరకు బజారులన్నియు తిరిగితిమి. కొండలు దాటి పోయి నేర్చుకొనినది ఒక్క ముడి. ఆ ముడిని మాకు నేర్పిన వృద్ధురాలికి వారి భాషలో ‘క లోమ్ ఎ’ యని చెప్పి వచ్చితిమి. ‘నాకు సంతోషము కలిగినది’ యని దాని యర్థము. ధన్యవాదమునకు వారి మాట అదియే.